ఆపేసినా కరిచే రేడియో

ఈమధ్య కుర్రవాళ్ళు పాత వాల్వు రేడియోలు వెతికి మరీ కొంటున్నారు. అటకల మీద పడి ఉన్నవీ, పాత సామాన్ల కొట్లలో తుప్పుపడుతున్నవీ తెచ్చి, మెరిసేలా తుడిచి హాల్లో పెట్టుకుంటున్నారు. కొందరు అదే పనిగా, అంటే సంపాదనగా కూడా పెట్టుకున్నారు. నేను కొట్టు మూసేసి చాలా ఏళ్ళయినా ఎవరో ఒకరు నంబరు సంపాదించి ఫోన్ చేస్తూనే ఉంటారు.

"సార్, దీన్ని దేంతో తుడవాలి? సబ్బునీళ్ళా, స్పిరిట్టా?"

"ముందు ప్లగ్గు తీశావా?" అంటాను.

"ఆఫ్‌లోనే ఉంది సార్."

ఆ మాట వింటే నాకు ఇప్పటికీ భయం పుడుతుంది. ఎందుకు పుడుతుందో ఫోన్లో చెబితే వినే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకని రాస్తున్నాను. నేను ఎప్పుడు సొంత కొట్టు పెట్టానో, ఎంత సంపాదించానో ఇందులో ఉండవు. వాటివల్ల ఎవరి ప్రాణమూ నిలబడదు.

ఒక చెయ్యి వెనక్కి

నేను పని నేర్చుకున్నది చీరాలలో, సుబ్బారావు గారి రేడియో కొట్టులో. ఎనభైల్లో ట్రాన్సిస్టర్లూ టేప్‌రికార్డర్లూ ఊరంతా నిండిపోయాయి. అయినా పల్లెల్లో పెద్ద చెక్కపెట్టె రేడియోలు ఇంకా బతికే ఉన్నాయి. అవి దుప్పట్లలో చుట్టుకుని బస్సు టాపు మీద ఎక్కి మా కొట్టుకు దిగేవి. వాటితోపాటు గ్రామఫోన్లు, గుళ్ళలో మైకు సెట్లు, చర్చి యాంప్లిఫయర్లు.

సుబ్బారావు గారు నాకు నేర్పిన మొదటి పాఠం సోల్డరింగ్ కాదు. "ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో," అన్నారు. నేను లుంగీలో ఉన్నాను, జేబు లేదు. "అయితే నడుం వెనక పెట్టుకో. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు ఒక చేతిలో ఎక్కి, గుండె మీదుగా పోయి, రెండో చేతిలోంచి దిగుద్దిరా. ఒక్క చెయ్యే పెట్టు. రెండోది రేపు నీ పెళ్ళాం పట్టుకోడానికి ఉంచుకో."

రెండో పాఠం మర్నాడు. ముందురోజు సాయంత్రం ప్లగ్గు తీసి బల్ల మీద పెట్టిన యాంప్లిఫయర్‌ను నన్ను తుడవమన్నారు. నేను చెయ్యి పెట్టబోతుంటే ఆపి, చెక్కపిడి స్క్రూడ్రైవరుతో లోపల ఒకచోట తాకించారు. ఫట్‌మని నీలం మెరుపు వచ్చింది. రాత్రంతా ఒంటరిగా పడి ఉన్న పెట్టెలో కండెన్సరు ఆ దెబ్బను దాచుకుని కూర్చుంది. "ప్లగ్గు తియ్యడం సగమే. దీని కడుపు ఖాళీ చేశాకే బ్రష్షు పట్టుకో," అన్నారు.

ఇంత జాగ్రత్త నేర్పిన మనిషి తన విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండలేదు. స్విచ్చీల మచ్చలు తుడవడానికి ఒక ద్రావకం వాడేవారు. మేం దాన్ని సీటీసీ అనేవాళ్ళం. జిడ్డును ఇట్టే లాగేస్తుంది, తియ్యటి వాసన. కొట్టుకు కిటికీ లేదు. మధ్యాహ్నమయ్యేసరికి నాకు తల తిరిగేది. "తలుపు తీద్దాం సార్" అంటే, "దుమ్ము పడుద్ది" అనేవారు. కొన్నేళ్ళకు ఆయనకు కామెర్లు వచ్చి కాలేయం చెడింది. ఆ సీసా వల్లేనని ఏ డాక్టరూ చెప్పలేదు. నేను మాత్రం అదేననుకుంటాను. మీకు సువాసనగా అనిపించిన ద్రావకం ఏదైనా సరే, తలుపులు తీసి వాడండి.

దుమ్ము చెప్పే సంగతులు

సెట్టు ఏ ఊరిదో అడగక్కర్లేదు. వెనక అట్ట విప్పితే తెలిసిపోయేది. జిన్నింగు మిల్లు పక్క ఇళ్ళవైతే పత్తి నూగు వాల్వుల చుట్టూ తెల్లగా అల్లుకుని ఉండేది. వేడెక్కితే మాడిన వాసన. గుంటూరు వైపు మిరప కొట్లవైతే ఎర్రటి పొడి. ఆ సంగతి తెలియక ఒకసారి తుడవకుండానే సెట్టు పెట్టాను. వాల్వులు వేడెక్కాయి, మా కొట్టూ పక్క టైలరు కొట్టూ ఖాళీ అయిపోయాయి. రోడ్డు మీద నిలబడి అందరం కళ్ళు తుడుచుకున్నాం. సముద్రం ఒడ్డున వాడరేవు నుంచి వచ్చేవాటిలో ఇత్తడి అంతా పచ్చబడి, ఇనుము పొట్టు లేచి ఉండేది.

వీటన్నిటికీ మందు ఒకటే. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ఆరుబయట పెట్టి, పొడి పెయింటు బ్రష్షుతో దులిపి, సైకిలు పంపుతో ఊదడం. లోపల తడి అన్న మాటే లేదు. స్టేషన్ల పేర్లున్న గాజును లోపలివైపు అసలు తుడవకండి. ఆ అక్షరాలు తడి తగిలితే బట్టకు అంటుకుని వచ్చేస్తాయి. బయట చెక్కను మాత్రం బాగా పిండిన బట్టతో తుడవచ్చు, ప్లగ్గు మీ కంటి ముందు నేల మీద పడి ఉన్నప్పుడు మాత్రమే.

ఈ చివరి ముక్క నాకు సుబ్బారావు గారు నేర్పలేదు. పర్చూరు అవతల ఒక పల్లెలో ఇద్దరు ఆడవాళ్ళు నేర్పారు.

కరుణ గారు

ఒక మధ్యాహ్నం ఒకావిడ కొట్టు మెట్ల దగ్గర నిలబడి లోపలికి చూస్తోంది. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. తెల్లచీర. ఉతికి ఆరేసి అలాగే కట్టుకున్నట్టు నలిగి ఉంది.

"మా ఇంట్లో రేడియో ఉందండి. శుభ్రం చెయ్యాలి."

"తీసుకురండమ్మా," అన్నాను.

"తేవడానికి లేదండి. మా అత్తయ్య కదలనివ్వదు. మీరే రావాలి."

"తుడవడమేగా, పొడిబట్టతో మీరే..."

"ముట్టుకుంటే కరుస్తుందండి."

సుబ్బారావు గారు పనిలోంచి తల ఎత్తారు. "పాడేటప్పుడామ్మా?"

"మేం దాన్ని పాడించక సంవత్సరం కావస్తోందండి. ఆపేసే ఉంది. అట్టా ఉన్నప్పుడే కరుస్తుంది."

ఆమె పేరు కరుణ. భర్త ప్రభుదాసు మాస్టారు ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఏడాది క్రితం పోయారు. రేడియో బల్ల పక్కనే పడి ఉన్నారట. ఊరి డాక్టరు వచ్చి గుండెపోటు అన్నాడు. మర్నాడు సమాధి చేశారు. ఎల్లుండి ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. బంధువులు, పాస్టరు గారు వస్తారు. ఆ దుమ్ము పట్టిన రేడియోను చూస్తే ఇంటి కోడలు ఏం చేస్తోందనుకుంటారు. అదీ ఆమె బాధ.

ఆమె వెళ్ళాక సుబ్బారావు గారు ఒక్క మాటే అన్నారు. "రేపు పోయిరా. ఎవరేమన్నా సరే, ఆ ఇంట్లో చెప్పులు విప్పమాక."

ఎస్తేరమ్మ గారు

నేను వెళ్ళేసరికి మూడో జాము. పెంకుటిల్లు, నాపరాళ్ళు పరిచిన నేల. గది మూల బల్ల మీద రేడియో. దానిమీద కప్పిన అల్లిక గుడ్డ మీదే వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. పక్కనే నులకమంచం. మంచం మీద కాళ్ళు రెండూ పైకి ముడుచుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. కరుణ గారి అత్తగారు, ఎస్తేరమ్మ.

"ఎవరే ఈ అబ్బాయి? చెప్పులతో లోపలికొస్తున్నాడు!"

"రేడియో తుడవడానికి చీరాల నుంచి వచ్చారత్తయ్యా."

"క్షమించండమ్మా, ఈ పనికి చెప్పులు విప్పకూడదు," అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది. "సరే. ఇప్పుడు మాత్రం తుడవమాక. వాడు లేడు."

"ఎవరమ్మా?"

"మా ప్రభుదాసు. దీపాలు పెట్టే వేళకి వస్తాడు. వచ్చాక వాణ్ణి అడిగి చేసుకో."

కన్నీళ్ళు లేవు, గొంతులో వణుకు లేదు. కొడుకు పొలానికి వెళ్ళాడు, వస్తాడు, కూర్చో అన్నంత మామూలుగా చెప్పింది. అదే నన్ను భయపెట్టింది. కరుణ గారు నేల చూపులు చూస్తూ నిలబడ్డారు.

"ఎట్టా వస్తాడమ్మా?"

"సమాధి చేసొచ్చిన రోజు దీని మీద పడి ఏడిచా. ఇదిగో, ఈ కాడ తగిలింది." రేడియోకి ముందువైపు ఒక నాబ్ ఊడిపోయి, లోపలి ఇత్తడి కాడ బయటపడి ఉంది. "తగలగానే నా చెయ్యి పట్టుకున్నాడు. ఝుమ్మంది. చిన్నప్పుడు జొరమొస్తే వాడి ఒళ్ళు అట్టానే వణికేది. అప్పట్నించి రోజూ పలకరిస్తా. ముందు పగలు కూడా ఉండేవాడు. ఈమధ్య పగలు రావడంలా, దీపాల వేళకే వస్తన్నాడు." తర్వాత గొంతు తగ్గించింది. "పాస్టరు గారికి చెప్పమాక. ఆయన ఒప్పుకోడు."

ఆమె వేళ్ళు చూశాను. జీవితమంతా మిరపకాయలు కోసి, పత్తి తీసి, పొగాకు దండలు గుచ్చి మొద్దుబారిన వేళ్ళు. చర్మం చెప్పు అడుగులా ఉంది.

ముట్టుకోకుండా రేడియో వెనక్కి వంగి చూశాను. వెనక అట్ట లేదు. ట్రాన్స్‌ఫార్మరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. గోడ మీద లైటు స్విచ్చి వేశాను. బల్బు వెలగలేదు.

"కరెంటు లేదా అమ్మా?"

"ఎండలు ముదిరినప్పటి నుంచి పగలు కోతండి," అన్నారు కరుణ గారు. "సాయంత్రం దీపాల వేళకి వదులుతారు."

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. అర్థమైతే భయం పోవాలి, అదేంటో ఇంకా పెరిగింది. సాకెట్టుకు విడిగా స్విచ్చి లేదు, కరెంటు వచ్చేలోపు ప్లగ్గే తీసేద్దామని వంగాను. ఎస్తేరమ్మ గారు నా మణికట్టు పట్టుకున్నారు. ఆ పట్టు ముసలిదాని పట్టు కాదు.

"వాడు రాకుండా ముట్టుకోవద్దన్నానా?"

పట్టు విడిపించుకుని లాగేయవచ్చు. కానీ చనిపోయిన కొడుకు పక్కన కూర్చున్న తల్లితో పెనుగులాడటం నావల్ల కాలేదు. కరెంటు రానంతవరకు ప్రమాదం లేదు, వచ్చేలోపు మెల్లగా నచ్చజెబుదాం అనుకున్నాను. ప్లగ్గు తియ్యనివ్వమని మళ్ళీ అడిగాను, వినలేదు; వరండాలో కూర్చుని ఎదురుచూశాను. పొద్దు వాలుతోంది. పొగాకు ఆరబెట్టే బ్యార్నీల వైపు నుంచి ఘాటు వాసన వస్తోంది. లోపల ఆమె ఏదో కీర్తన కూనిరాగం తీస్తోంది.

వచ్చాడు

చేతులు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళాను. ఆ కాసేపట్లోనే కరుణ గారు కూడిక కోసమని గదిలో బిందెతో నీళ్ళు పోసి నేల కడగడం మొదలుపెట్టారు. నేను తిరిగి వస్తుంటే వీధిలో స్తంభం మీద దీపం ఒకసారి మిణుక్కుమని వెలిగింది. గదిలో బల్బు దానంతట అదే వెలిగింది. మధ్యాహ్నం నేను వేసి వదిలేసిన స్విచ్చి. తడి నాపరాళ్ళ మీద ఆ వెలుతురు అద్దంలా పరుచుకుంది.

"వచ్చాడు," అంది ఎస్తేరమ్మ.

ఇంటికి కొత్త మనిషి వచ్చాడని చెప్పాలన్న ఉత్సాహమో ఏమో, రోజూలా మంచం మీదనుంచే చెయ్యి చాచలేదు. కాళ్ళు కిందికి దించింది. తడి నేల మీద ఉత్తి పాదాలతో నిలబడి చెయ్యి ముందుకు పెట్టింది.

"అమ్మా, ఆగండి!"

ఆగలేదు. నేను గుమ్మంలోంచి ఉరికి, తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాను. ప్లగ్గు ఊడి గోడకు కొట్టుకుంది. అదే క్షణంలో ఆమె వేలు ఇత్తడి కాడ మీద పడింది.

ఏమీ కాలేదు.

ఆమె అలాగే నిలబడింది. వేలు తీసి మళ్ళీ పెట్టింది. అరచెయ్యి ఆనించింది. తర్వాత మెల్లగా నావైపు తిరిగింది.

"నా కొడుకుని ఏం చేశావయ్యా?"

నా పని జీవితంలో నన్ను ఎందరో తిట్టారు. ఆ ప్రశ్న ఒక్కటే ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆమెను మంచం మీద కూర్చోబెట్టాను. కరుణ గారి చేత నేల పొడిగా తుడిపించాను. "అది మీ అబ్బాయి కాదమ్మా, కరెంటు," అన్నాను.

"కరెంటైతే ఆపేసినప్పుడు ఎట్టా కొడుద్ది?" అంది. తెలివైన ప్రశ్న. ఈనాటి కుర్రవాళ్ళు కూడా అడగని ప్రశ్న.

ఆ రకం సెట్లను చవకగా తయారు చెయ్యడానికి ట్రాన్స్‌ఫార్మరు మానేశారు. గోడలోంచి వచ్చే రెండు తీగల్లో ఒకటి తిన్నగా లోపలి ఇనుప చట్రానికే కలిపారు. నాబులు తగిలించిన కాడలు ఆ చట్రానికి చెందినవే. రెండు కాళ్ళ ప్లగ్గు ఎటు తిప్పి పెట్టినా సాకెట్టులో పడుతుంది. ఒకవైపు పెడితే సెట్టు పాడుతున్నప్పుడు చట్రంలో కరెంటు ఉంటుంది. తిరగేసి పెడితే, పాడుతున్నంతసేపూ సాధువులా ఉండి, ఆపేయగానే వాల్వుల తీగల మీదుగా కరెంటు వచ్చి చట్రంలో నిలబడుతుంది. ఆఫ్ చేశాం కదా అని మనం ధైర్యంగా ముట్టుకుంటాం. పొడి మంచం మీద కాళ్ళు ముడుచుకుని ముట్టుకుంటే ఝుమ్మని ఊరుకుంటుంది, తడి నేల మీద నిలబడి ముట్టుకుంటే చంపుతుంది.

నోటితో చెబితే ఆమె నమ్మలేదు. జేబులోంచి టెస్టరు తీశాను. ప్లగ్గు ముందున్నట్టే పెట్టాను. రేడియో ఆఫ్‌లో ఉంది, ముందు గాజు చీకటిగా ఉంది, లోపల ఏ చప్పుడూ లేదు. టెస్టరు మొన ఇత్తడి కాడకు ఆనించాను. నా వేళ్ళ మధ్య ఎర్రచుక్క వెలిగింది.

ఎస్తేరమ్మ ముందుకు వంగింది. ఆ ఎర్రచుక్క వైపు చూస్తూ, "ఒరేయ్ ప్రభూ," అని పిలిచింది.

నా చెయ్యి వణికింది. చుక్క కూడా వణికింది. ఆమెకు అది జవాబులా అనిపించి ఉంటుంది. గబగబా ప్లగ్గు తీసి, తిరగేసి పెట్టి, టెస్టరు ఆనించాను. చుక్క లేదు. మళ్ళీ ముందులా పెట్టాను. వెలిగింది. తిప్పాను. ఆరింది.

"చూశారా అమ్మా? ప్లగ్గు తిప్పితే పోతోంది. తిప్పితే వస్తోంది. మనిషి ఇట్టా చేస్తాడా?"

తల తిప్పి చూస్తే కరుణ గారు టెస్టరు వైపు చూడటం లేదు. నా చేతిలో తిరుగుతున్న ప్లగ్గు వైపు చూస్తున్నారు. చూస్తూ చూస్తూ లోపలికి వెళ్ళిపోయారు.

ప్లగ్గు కోసి నా సంచిలో వేసుకున్నాను. కండెన్సర్లు ఖాళీ చేసి, బ్రష్షుతో దులపడం మొదలుపెట్టాను. ముసలావిడ మంచం మీదనుంచి చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి ఒక్క మాట అంది. "మెల్లగా తుడువయ్యా."

బస్సు కోసం

రోడ్డు దాకా కరుణ గారు తోడు వచ్చారు. బస్సు రావడానికి టైముంది. ఆమె నాకు కాస్త దూరంగా నిలబడి మాట్లాడారు.

"ఇంట్లో సాకెట్టు అదొక్కటేనండి. రోజూ పొద్దున రేడియో ప్లగ్గు తీసి, ఇస్త్రీ పెట్టె పెట్టి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసేదాన్ని. మళ్ళీ రేడియోది పెట్టేసేదాన్ని."

ఆమె కొంగు భుజం మీదికి లాక్కున్నారు.

"ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. వచ్చి వార్తలు విన్నారు. ఆపేశారు. నేను ఇల్లు తుడుస్తున్నాను. తనూ ఓ చెయ్యి వేస్తానని బకెట్లో బట్ట తీసుకుని రేడియో తుడవబోయారు. నేను బకెట్టు నీళ్ళు పారబోసి వచ్చేసరికి..." ఆగారు. "ఆ తర్వాత ఆ ప్లగ్గు ఎవరూ ముట్టుకోలేదండి. ఇందాక మీరు తీసేదాకా అది నేను పెట్టినట్టే ఉంది. నేను తిరగేసి పెట్టానా?"

బస్సు వస్తే బాగుండునని రోడ్డు వైపు చూశాను. రాలేదు.

"దానికి తిన్నగా పెట్టడం అంటూ లేదమ్మా," అన్నాను. "ఎటు పెట్టినా కరుస్తుంది. ఇటు పెడితే ఆపినప్పుడు, అటు పెడితే పాడేటప్పుడు. తప్పు దాన్ని చేసినవాళ్ళది. మీ ఇంట్లో ఎవరికీ తెలిసే దారి లేదు."

ఇది నిజం. ఒక్క అబద్ధం కలపలేదు. ఆమె దాన్ని శ్రద్ధగా విన్నారు.

"ఆయన పాడేటప్పుడు తుడవరండి," అన్నారు. "ఎప్పుడైనా ఆపాకే తుడుస్తారు."

అంతలో బస్సు వచ్చింది. ఎక్కేశాను.

కొట్టుకు వచ్చి చెబితే సుబ్బారావు గారు మండిపడ్డారు. "గుండెపోటు అని డాక్టరు చెప్పాడుగా, అట్టానే ఉండనీయొచ్చుగా! లోపల తీగ పాడైందని చెబితే నీ సొమ్మేం పోయింది?" ఆయన అన్నది దయతోనే. నేను మాత్రం ఒప్పుకోలేదు. మెకానిక్కు వెళ్ళిపోతాడు. ఆ పెట్టెతో బతకాల్సింది ఆ ఇంటివాళ్ళు. అది ఎలా చంపుతుందో వాళ్ళకు తెలియకుండా ఉంచడానికి మనమెవరం? అయినా ఆ రాత్రి నాకు అన్నం సహించలేదన్నది కూడా నిజమే.

చంపనంత

కూడిక అయ్యాక మళ్ళీ వెళ్ళాను. సుబ్బారావు గారే కూర్చుని ఒక ట్రాన్స్‌ఫార్మరు చుట్టి ఇచ్చారు. అది మధ్యలో ఉంటే గోడ కరెంటుకూ ఇనుప చట్రానికీ సంబంధం తెగిపోతుంది. ఎర్తు తీగ, మూడు కాళ్ళ ప్లగ్గు, ఊడిన నాబ్‌కు బదులు కొత్తది, అన్నీ సంచిలో వేసుకున్నాను.

కరుణ గారు గుమ్మం బయటే ఆపారు.

"అత్తయ్య సరిగ్గా తినడంలేదండి. దీపాల వేళకి ఆ కాడ ముట్టుకుని చూస్తుంది. లేడు అంటుంది. పడుకుంటుంది." చీర చెంగు మెలిపెడుతూ అడిగారు. "కొంచెం ఉంచగలరా?"

"ఏమిటమ్మా?"

"ఆ ఝుమ్మనేది. చంపనంత."

కుర్రవాళ్ళకు నిజం చెప్పాలి గనక చెబుతున్నాను: ఉంచవచ్చు. ఒక చిన్న కండెన్సరుతో అయిపోతుంది. నేను ఆ గుమ్మంలో నిలబడి, దాన్ని ఎక్కడ కలపాలో కూడా మనసులో లెక్కవేసేశాను. కానీ కండెన్సర్లు ముసలివవుతాయి. ఏదో ఒక రోజు లోపల చితికిపోతాయి. ఆ రోజు నేల తడిగా ఉండదని ఎవరు చెప్పగలరు?

"నావల్ల కాదమ్మా. ఇవాళ చంపనిది రేపు కూడా చంపదని నేను మాట ఇవ్వలేను."

ఆమె తల ఊపి పక్కకు జరిగారు. తన చేత్తో పెట్టిన ప్లగ్గు ఏం చేసిందో తెలిసిన మనిషి, ఆ కరెంటునే అత్తగారి కోసం కాస్త అడిగింది. ఆ అడగడానికి ఎంత గుండె కావాలో నేను చాలా ఏళ్ళు ఆలోచించాను.

పని అయిపోయింది. చివర్లో ఇత్తడి కాడకు నాబ్ తొడిగి మర బిగించాను.

"మూసేశావా?" అంది ఎస్తేరమ్మ.

"మూసేశానమ్మా."

దీపాల వేళ అయింది. కరెంటు వచ్చింది. "పెట్టండమ్మా," అన్నాను కరుణ గారితో. ఆమె వేళ్ళు నాబ్ దాకా వెళ్ళి ఆగిపోయాయి. నేను ముందు నా అరచెయ్యి చట్రం మీద ఆనించి చూపించాను. అప్పుడు తిప్పారు.

వాల్వు సెట్టు వెంటనే పలకదు. ముందు గాజు వెనక పసుపు వెలుగు లేస్తుంది. తర్వాత ఏమీ ఉండదు. ఆ ఖాళీలో ముగ్గురం గాజు వైపే చూశాం. చాలా దూరంనుంచి గురగుర మొదలై, దానిలోంచి ఒక మగ గొంతు పైకి తేలింది. కరుణ గారు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. వ్యవసాయ కార్యక్రమం. పత్తిలో పచ్చపురుగు గురించి ఎవరో తాపీగా చెబుతున్నాడు.

ఎస్తేరమ్మ వింటూ కూర్చుంది. కాసేపటికి చెయ్యి చాచి, అలవాటు చొప్పున కాడ కోసం తడిమింది. నాబ్ తగిలింది. చెయ్యి తీసి, పెట్టె మీద చెక్కకు ఆనించింది. వాల్వుల వేడి అప్పటికే పైకి వస్తోంది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"వెచ్చగా ఉందే," అంది కోడలితో. తర్వాత ఎవరితోననీ కాకుండా, "ఇన్నాళ్ళూ చల్లగా ఉండేవాడు," అంది.

కార్యక్రమం అయిపోయేదాకా ఆమె అలాగే చెయ్యి ఆనించి విన్నది. అయిపోయాక రేడియో కట్టెయ్యమని, అన్నం పెట్టమని అడిగింది.

ఇల్లిల్లూ

ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. ఒక ముసురు రోజున కొట్టు ముందు బస్సు ఆగింది. కరుణ గారు దిగారు. చంకలో దుప్పటి చుట్టిన పెట్టె. తడవకుండా దానిమీదకు వంగి, ఈసారి మెట్ల దగ్గర ఆగకుండా తిన్నగా లోపలికి వచ్చారు. బల్ల మీద దించి దుప్పటి విప్పారు. అదే రకం సెట్టు. వెనక తొంగి చూస్తే ట్రాన్స్‌ఫార్మరు లేదు.

"ఎవరిదమ్మా ఇది?" అన్నారు సుబ్బారావు గారు, లేచి నిలబడుతూ.

"మా ఊళ్ళోదేనండి. ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాను, మీ రేడియో ఎప్పుడైనా కరిచిందా అని. అందరూ నవ్వారు. పిచ్చిదాన్ననుకున్నారు. ఈ ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు."

సుబ్బారావు గారు ఆ పెట్టె వైపు, ఆమె వైపు చూశారు. ఆయన గొంతు ఎప్పుడూ అంత మెల్లగా వినలేదు.

"వాళ్ళింట్లో కూడా ఎవరైనా..."

"లేదండి," అన్నారు కరుణ గారు, ముఖం మీది వాన తుడుచుకుంటూ. "వాళ్ళింట్లో ఇంకా ఎవరూ పోలేదు."